ఖాళీ సాకెట్

ఆఫీసులో ఆమెను వెనకాల అందరూ చీపురమ్మ అనేవారు. ఎవరెవరో రాసి వదిలేసిన పాత కోడును శుభ్రం చేయడమే ఆమె ఉద్యోగం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో, మెమరీ చిప్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఒకటి పన్నెండేళ్లుగా అతుకుల బొంతలా పడి ఉంది. దాన్ని రాసింది ఇప్పటి మేనేజరే కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు. ఆమె పోయింది. మూడు వారాలు కూర్చుని నాలుగు వందల లైన్లు తీసేసింది. ఆయన ఆ మార్పును రెండుసార్లు తిప్పికొట్టాడు.

మూడోసారి మీటింగులో అందరి ముందూ అడిగాడు. "శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని ఎందుకమ్మా కెలుకుతావు?"

"పనిచేయడం లేదండీ, చేస్తున్నట్టు నటిస్తోంది."

ఆమె తను తెచ్చి బల్ల మీద పెట్టిన సర్క్యూట్ బోర్డు సాకెట్‌లోంచి చిప్‌ను ఊడబీకింది. పాత డ్రైవర్‌ను చిప్ చదవమంది. చిప్ ఆమె అరచేతిలో ఉండగానే తెర మీద "చదవడం పూర్తయింది" అని వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత తను బాగుచేసిన డ్రైవర్‌ను ఎక్కించింది. "చిప్ కనబడలేదు" అని అది ఉన్నమాట చెప్పేసింది.

మేనేజరు ముఖం కందగడ్డలా మారింది. "సరే, చేర్చు. రేపేదైనా తేడా వస్తే బాధ్యత నీదే!"

"నాదేనండీ. మరి ఇన్నేళ్లూ ఎవరిది?"

ఆ సాయంత్రమే మార్పు కెర్నెల్‌లో చేరింది. మర్నాడు ఆమె ఎవరినీ అడక్కుండా పక్కనున్న మరో పాత కోడు ఫైలు తెరిచింది.