మూడో వరుస డ్రమ్ము

మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, ఎవరినీ నమ్మదు. అన్నయ్య జ్వరమంటే నుదుటి మీద చెయ్యి వేసి చూశాకే మాత్ర ఇస్తుంది. పంచదార డబ్బా మీద తన చేత్తోనే ‘పంచదార’ అని రాసుకుని, టీలో వేసే ముందు మళ్లీ నాలుక మీద వేసుకుని చూస్తుంది. “నీ రాత నీకే నమ్మకం లేదా వదినా?” అంటే, “రాసింది నేనే. పోసింది ఎవరో?” అంటుంది. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు అన్నయ్యకు సన్మానం చెయ్యాలని మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఓడల్లో వెళ్లే ప్రమాదకరమైన సరుకును ఎలా సర్దాలో, ఏ డ్రమ్ము పక్కన ఏది ఉండకూడదో రేవు షెడ్డులో పనివాళ్లకు నేర్పడం ఆమె ఉద్యోగం. అంతకుముందు పదకొండేళ్లు అదే షెడ్డులో తనూ సరుకు సర్దింది. ‘గచ్చు కడిగే పొడి’ అని కాగితం మీద రాసి ఉన్న పెట్టె ఒకటి ఆమె కళ్లముందే భగ్గున అంటుకుంది. ఎడమ కనుబొమ్మ సగం ఇప్పటికీ మొలవలేదు. ఆ షెడ్డు ఆఫీసులో కాగితాలు తయారు చేసేది నేను. నేనిచ్చిన ప్రతి కాగితాన్నీ ఆమె దొంగనోటును చూసినట్టు చూసేది. నాకు ఒళ్లు మండేది.

బొమ్మలు చూపించి చెబితే ఎవరికీ తలకెక్కదని, వారానికో తప్పును తనే షెడ్డులో దాచేది. ఓసారి నూనె డబ్బాలను ఆనించి క్లోరిన్ పొడి డ్రమ్ము పెట్టింది, లోపల అంతా ఇసుకే. ఇంకోసారి ఖాళీ డ్రమ్ము మూత కింద వేడినీళ్ల సంచి పెట్టింది, పైన చెయ్యి వేస్తే కాలేలా. పనివాళ్లు దానికి ‘ఈ వారం దొంగ’ అని పేరు పెట్టారు. దొంగను పట్టిన వాళ్లకే సర్టిఫికెట్. షెడ్డంతా కళ్లలో వత్తులు వేసుకుని వెతికేది.

అదే షెడ్డులో సరుకు సర్దే మా ఆయన ఆ దొంగను పట్టలేక రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఆ షెడ్డులో కాలు పెట్టనివ్వరు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే చూడలేక వదిన దగ్గరికి వెళ్లాను.

“ఎక్కడ దాస్తున్నావో ఒక్క ముక్క చెప్పు వదినా. సొంత ఆడపడుచు మొగుడే కదా!”

“అన్నయ్యగారు కాబట్టే చెప్పను. రేపు నిజంగా ఏదైనా అయితే, పక్కన నిలబడి చెప్పడానికి నువ్వుంటావా?”

ఆమె పెళ్లినాడు నేనన్న ఓ మాట మనసులో పెట్టుకుని, కావాలనే ఆయన్ని తప్పిస్తోందని నాకు అనుమానం పుట్టింది. ఆధారమంటూ ఏమీ లేదు. అయినా అది రోజురోజుకూ పెరిగింది.

అందుకే కాపు కాశాను. సోమవారం పొద్దున ఆఫీసు కిటికీలోంచి చూస్తే, వదిన మూడో వరుసలో ఓ తెల్ల డ్రమ్ము ముందు వంగి, మూత చుట్టూ ఉన్న ఇనప పట్టీని వేలితో తడుముతోంది. అటూ ఇటూ చూసింది కూడా. దొరికావులే అనుకున్నాను. వెంటనే మా ఆయనకు ఫోన్ చేసి, “మూడో వరుస, తెల్ల డ్రమ్ము” అన్నాను.

అయిదు నిమిషాలకు వదిన నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మూడో వరుస సరుకు కాగితాలివ్వు. ఆ పట్టీని ఎవరో విప్పి మళ్లీ బిగించినట్టుంది.”

ఏం నటిస్తోంది మహాతల్లి అనుకున్నాను. ఫైలు నా చేతికిందే ఉంది. అయినా మా ఆయనకు కాస్త సమయం దొరకాలని బీరువా అంతా తిరగేశాను.

“త్వరగా చూడమ్మా.”

“చూస్తున్నా వదినా, కనబడాలిగా!”

అప్పుడే షెడ్డులోంచి మా ఆయన కేక వినిపించింది. “చెల్లెమ్మా! దొరికాడు నీ దొంగ! ఎంత వేడిగా ఉందో! రండ్రా, అందరూ వచ్చి చూడండి!”

వదిన మొహం పాలిపోయింది. “ఈ వారం నేనింకా ఏమీ పెట్టలేదే” అంటూనే పరుగెత్తింది.

నేను గుమ్మం దగ్గరికి చేరేసరికి పదిమంది నవ్వుతూ డ్రమ్ము చుట్టూ మూగి ఉన్నారు. వేడెక్కిన డ్రమ్మును చూస్తే పారిపోవాలని ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే అందరూ. వేడినీళ్ల సంచి తీసి చూపిద్దామని మా ఆయన పట్టీ ఊడదీశాడు. ఒక్కసారిగా పొగ ఆయన మొహం మీదికి లేచింది. “గాలి వచ్చేవైపు పరుగెత్తండి!” అని అరుస్తూ వదిన వాళ్లను బయటికి తరిమింది. ఆయన్ని చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. మిగతావాళ్లు దగ్గుతో బయటపడ్డారు. మా ఆయన తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆగిపోతాడు.

దారిలో ఎవరో ఆ క్లోరిన్ పొడి డ్రమ్ము విప్పి, మురికి డబ్బాతో పొడి తోడుకుని మళ్లీ బిగించారని, ఆ మురికి కలిసే పొడి వేడెక్కిందని తర్వాత తేలింది. వేడిగా ఉన్నదాని చుట్టూ ఎందుకు మూగారని విచారణలో అడిగితే, “మేడం పెట్టిందే అనుకున్నాం సార్” అన్నారు అందరూ. మూడో వరుసకే ఎందుకు వెళ్లావంటే మా ఆయన, “తిరుగుతూ తిరుగుతూ వెళ్లాను” అన్నాడు. నా పేరెత్తలేదు.

విచారణ అయిన సాయంత్రం ఆసుపత్రి వరండాలో వదిన నా పక్కన కూర్చుంది.

“ఆ పొద్దున నేను డ్రమ్ము దగ్గర ఉండటం నువ్వేమైనా చూశావా?”

“లేదు వదినా.”

ఇంకో ప్రశ్న వేస్తుందని బిగుసుకుని కూర్చున్నాను. వెయ్యలేదు.

“నువ్వు లేదన్నాక ఇంకేముంది” అంది. “అయితే తప్పంతా నాదే. ప్రమాదాన్ని పట్టడం నేర్పాల్సింది. నన్ను పట్టడం నేర్పాను.”

సిగ్గుతో ఆమె వైపు చూడలేక, మా ఆయనకు నీళ్లివ్వాలంటూ లేచాను.

మర్నాడు ఆమె ఉద్యోగం వదులుకుంటూ ఉత్తరం రాసింది. టైపు చెయ్యాల్సింది నేనే. ‘ఈ ప్రమాదానికి నా శిక్షణ తప్ప మరే కారణమూ లేదు’ అన్న వాక్యం దగ్గర వేళ్లు ఆగాయి. బల్లకు అవతల వదిన నిలబడి ఉంది.

“ఇంకేమైనా చేర్చాలంటావా?” అని అడిగింది.

“అక్కర్లేదు వదినా” అన్నాను.

ఆమె సంతకం పెట్టింది.