వినపడని అంకుల్‌కి చెప్పిన మాట

నా చిన్నప్పుడు మేం పరాయి దేశంలో, పారమట్టా అనే ఊళ్ళో రెండు గదుల ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్ళం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని భయపడి, ఆ చిక్కు తీర్చడానికి ఒక కంపెనీ మా నాన్నను పిలిపించుకుంది. చిక్కు తీరింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, నాన్నను పంపేశారు.

ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో నది ఒడ్డుకు వెళ్ళినప్పుడు, టై కట్టుకుని బెంచీ మీద ఒంటరిగా పెరుగన్నం తింటున్న నాన్నను చూశాను. సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, “అమ్మకి చెప్పకు తల్లీ, ఈ వారంలో ఇంకోటి దొరుకుతుంది” అన్నారు. దొరక్కపోతే వీసా పోయి దేశం వదలాలి. అమ్మకప్పుడు ఏడో నెల. ఇంకొన్నాళ్ళు పోతే విమానం ఎక్కడం మంచిది కాదని డాక్టరమ్మ అప్పటికే చెప్పింది. నేను నోరు మూసుకున్నాను.

మా పక్కింట్లో ఒక ఐరిష్ అంకుల్ ఉండేవారు. కుర్రతనంలో రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించి ఊళ్ళు ఊపేశారట. తర్వాత వాళ్ళ దేశంలో పల్లెలు తిరిగి ముసలివాళ్ళ పాటలు రికార్డు చేసి ఆల్బమ్‌లు తెచ్చారట. చెవులు పోయాక బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఏ బొమ్మ చూసినా ఒకే ముసలమ్మ, నోరు తెరిచి పాడుతూ ఉండేది.

ఒక శనివారం ఆయన ఎదుట కూర్చుని నా గుట్టంతా వెళ్ళగక్కాను. ఆయనకు వినపడదు కదా అని నా ధైర్యం. తెలుగులో అయితే గోడ అవతల అమ్మకు అర్థమైపోతుందని ఇంగ్లిషులోనే చెప్పాను. ఆయన కుంచె కింద పెట్టేశారు. పెదాల కదలికను బట్టి మాట పట్టేస్తారని నాకేం తెలుసు!

నన్ను కోప్పడలేదు. ఆ ముసలమ్మ సంగతి చెప్పారు. ఆమెకు వచ్చిన పాటలు మరెవరికీ రావట. అప్పటికే ఆయనకు చెవులు సరిగ్గా పనిచేయడం లేదు. పని పోతుందని ఎవరికీ చెప్పకుండా, రికార్డింగ్ అంతసేపూ బాగుందని తల ఊపుతూ కూర్చున్నారు. తీరా వేరేవాళ్ళు వింటే టేపు నిండా మెషీన్ రొద తప్ప పాట లేదు. మళ్ళీ పాడిద్దామనుకునేసరికి ఆమె పోయింది.

“నా సిగ్గు నేను దాచుకున్నాను. పోయింది మాత్రం ఆవిడ పాట” అన్నారు. మీ అమ్మకు నేను చెప్పను, అది మీ ఇంటివాళ్ళే చెప్పాలి అని నన్ను గుమ్మం దాకా దిగబెట్టారు.

అమ్మ బియ్యం కడుగుతోంది. చెప్పేశాను. అమ్మ చేతులు తుడుచుకుంది.

“నీకెప్పట్నించి తెలుసే?”

“మూడు వారాలు.”

అమ్మ నావైపు చూసిన ఆ చూపు ఎవరికీ వద్దు.

నాన్నకు ఇంకో ఉద్యోగం దొరకలేదు, వారంలో సామాను సర్దేశాం. ఎనిమిదో నెలలో, ఉబ్బిన కాళ్ళతోనే అమ్మ విమానం ఎక్కింది. కాకినాడలో నెలలు నిండకుండానే తమ్ముడు పుట్టాడు, నిలవలేదు. ప్రయాణం వల్లేనని ఏ డాక్టరూ అనలేదు, కాదనీ అనలేదు. నాన్న మీద నాకిప్పటికీ కోపమే, ఆయన పోయినా సరే.

జుట్టు నెరుస్తున్న ఈ వయసులోనూ, ఎవరైనా “ఎవరికీ చెప్పకు” అనగానే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు చెప్పొద్దు, చెబితే దాచను అనేస్తాను. ఈవిడ నోట్లో నువ్వుగింజ నానదని మా పిల్లలు వెక్కిరిస్తారు. నవ్వి ఊరుకుంటాను. ఒక్కసారి నానింది, మూడు వారాలు.