పెద్దకొట్టు ఎర్రలు

వానపామును ఎర్ర అంటాం. గాలానికి గుచ్చితే ఎర అంటాం. మధ్యలో జారిపోయింది ఒక్క వత్తే, దాంతోపాటే ప్రాణమూ పోయింది. నిఘంటువులు ఈ రెండు మాటలకూ చుట్టరికం కలుపుతాయో లేదో గానీ, నదులున్న ఊళ్లన్నీ తిరిగినవాణ్ణి, నేను కలిపేసుకున్నాను. ఆ ఆలోచన పుట్టింది ఎర్రలమ్ముకునే ఒకాయన కొట్టులో. ఊరందరికీ ఆయన బాబాయ్. నాకంటే చిన్నవాడే అయినా నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

వంతెన దిగగానే, సైకిళ్లు బాగుచేసే షాపు వెనక రేకుల గది. అందులో మూడు చెక్కపెట్టెలు. వాటినిండా తడిమట్టి, కుళ్లిన ఆకులు, చింపిన అట్టముక్కలు, వాడేసిన టీపొడి. పైన తడిపిన గోనె. ఎర్రలు కావాలనగానే ఇచ్చేవాడు కాదు.

"ఎక్కడ కూర్చుంటావు? నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగానా?"

"ఎర్రలియ్యి బాబాయ్, పెళ్లిచూపులకొచ్చినట్టు ఈ ప్రశ్నలేంటి!"

జవాబు విన్నాకే లావువో సన్నవో ఏరి, కాగితంలో పొట్లం కట్టి, కొసరుగా మరికొన్ని వేసేవాడు.

ఊరి చివర పెద్దకొట్టు వెలిసింది. టైర్లూ తలగడలూ అమ్మేచోటే గాలాలూ బెండ్లూ పెట్టారు. ఫ్రిజ్‌లో, మూతకు చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఎర్రలు, ఒక్కో మూతమీద గడువు తేదీ. బాబాయ్ బేరం సగానికి సగం పడిపోయింది. అయితే పెద్దకొట్టు పొద్దెక్కితే గానీ తెరవరు. గాలాలవాళ్లు చీకటితోనే బయల్దేరతారు. ఆ కాస్త వేళే ఆయనకు మిగిలింది. అదీ పెట్టెలు నిండుగా ఉన్నంతవరకే.

ఇల్లు గడవక ఆయన భార్య ఆ పెద్దకొట్టులోనే కౌంటరు పనికి చేరింది.

"పోయిపోయి వాడి దగ్గరే దొరికిందా నీకు పని?"

"వాడు జీతమిస్తాడయ్యా. నీ వాళ్లిచ్చేది 'బాగున్నావా బాబాయ్' ఒక్కటే."

గడువు దాటిన డబ్బాలను మూత తీయకుండా చెత్తలో వేయాలని అక్కడి నియమం. లోపల కదులుతున్నా సరే. ఒకరోజు ఆమెకు చేతులు రాలేదు. సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

"ఇవేంటే?"

"బతికే ఉన్నాయి. నీ దగ్గర మట్టికేం కరువా?"

బాబాయ్ పగలబడి నవ్వాడు. "అయితే పెద్దకొట్టోడు నాకోసం ఎర్రలు పెంచుతున్నాడన్నమాట!" అంటూ పక్షపాతం లేకుండా మూడు పెట్టెల్లోకీ సమానంగా పోశాడు.

కొద్దిరోజులకే గోనె ఎత్తితే కంపు. పాతవీ కొత్తవీ ముద్దకట్టి, దారాల్లా పాలిపోయి ఉన్నాయి. కొన్ని పైకి పాకబోయి చెక్కకే అతుక్కుపోయాయి. వాటితో తెగులే వచ్చిందో, ఫ్రిజ్ చలికి అలవాటుపడ్డవి మట్టి వేడికి చచ్చి మిగతావాటినీ కుళ్లబెట్టాయో, ఎవరికీ తెలియలేదు. నేను వెళ్లేసరికి ఆయన పారతో మట్టి ఎత్తిపోస్తున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"తెచ్చింది నేనేగా," అంది.

"పోసింది నేను కదే."

బాబాయ్ మళ్లీ పార అందుకున్నాడు.

మర్నాటికి అమ్మడానికి ఎర్రలు లేవు. ఒక్కసారి తలుపు మూసి కనిపిస్తే చాలు, ఉన్న నలుగురూ ముందురోజు సాయంత్రమే పెద్దకొట్టులో కొనిపెట్టుకోవడం నేర్చుకుంటారు. బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని అక్కడికే బయల్దేరాడు. తోడుగా నేనూ వెళ్లాను.

"అక్కడి ధరకు కొని నువ్వేం అమ్ముతావు బాబాయ్?"

"లాభానికా ఏంటి? తలుపు తీసుండాలి, అంతే."

తెరిచి ఉన్నది ఆమె కౌంటరొక్కటే. వరసలో నిలబడి, డబ్బాలు బల్లమీద పెట్టాడు. ఆమె తలెత్తి చూసింది. పక్కనే సూపర్‌వైజరు. వచ్చినవాళ్లందరితో ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడాలి.

"నమస్కారం సార్. ఇంకేమైనా కావాలా?"

"చాలమ్మా," అన్నాడు బాబాయ్.

డబ్బు కట్టి, సంచి పట్టుకుని, ఇంకా ఏదో అనాల్సినట్టు అక్కడే నిలబడిపోయాడు.

"కాస్త జరగండి పెద్దాయనా," అన్నారెవరో వెనకనుంచి.

జరిగాడు.