మా బావ దాచిపెట్టిన చదువు

మా బావకి కొత్త వస్తువు వాడాలంటే ప్రాణం ఒప్పదు. సైన్యంలో లారీల మెకానిక్‌గా ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. వాళ్లిచ్చిన కొత్త బూట్లు పెట్టెలో పెట్టి, పాతవాటికే అట్టలు వేయించుకుని తిరిగేవాడు. సబ్బులూ తువ్వాళ్లూ సెలవుల్లో ఇంటికి మోసుకొచ్చేవాడు. మా అక్క నవ్వాలో ఏడవాలో తెలియక బీరువాలో సర్దేది. ఈయనొక్కడే కాదు, ఆ బ్యారక్‌లో అందరిదీ అదే వరస.

చదువునీ అలాగే దాచాడు. సిపాయిలు కాలేజీలో చేరితే ఫీజు సైన్యమే కడుతుంది. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి, డిప్లొమా ఒకటుంటే ఎక్కడో ఉండేవాడని పై అధికారులే వెంటపడ్డారు. సాయంత్రం కాలేజీ క్యాంపు గేటుకి ఎదురుగానే ఉండేది. బావ ఊఁ కొడుతూనే జారుకునేవాడు.

"నాకెందుకురా ఈ వయసులో? అది పాపకి ఉంచుతున్నా" అనేవాడు నాతో. పాపంటే మా మేనకోడలు. తను వాడుకోకపోతే ఆ ఫీజు పిల్లల పేరుకి మార్చుకోవచ్చని ఎవరో చెప్పారట. ఎప్పటిలోగా మార్చుకోవాలో ఈయన అడగలేదు. దాచింది ఎక్కడికి పోతుందిలే అని ధీమా.

పాపకి పశువుల డాక్టరు కోర్సులో సీటొచ్చేసరికి బావ రిటైరై ఇంటికొచ్చేశాడు. ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని క్యాంపు ఆఫీసుకెళ్లాడు. గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి చెప్పాడు. "పిల్లలకి మార్చాలంటే సర్వీసులో ఉండగానే అడగాలండీ. ఇప్పుడు మీరొక్కరే చదువుకోగలరు."

బావ గొడవపడలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది, అంతలోనే జాలేసింది. అంత ఫీజు కట్టడం మా అందరికీ తలకు మించిన పని. ఇంటికొచ్చాక మా అక్క ఆ కొత్త చొక్కా మడిచి బీరువాలో సర్దేసింది. తిట్టినా ఆయనకి కాస్త తేలికపడేదేమో.

పాప సీటు వదులుకుని, తర్వాతైనా ఫీజు వాళ్లే కడతారని సైన్యంలో చేరింది. చదువు కోసం కూతురు ఆ క్యాంపు గేటు తొక్కాల్సిన పని పడకూడదనే ఆయన అన్నేళ్లూ తన చదువు మానుకున్నాడు. దింపడానికి వెళ్లినప్పుడు పెట్టె ఆయనే మోశాడు. గేటు దగ్గర పాప పెట్టె అందుకుంది.

"నాన్నా, నేను మాత్రం వీలవగానే కాలేజీలో చేరిపోతా. ఎవరికోసమూ దాచను" అంది. దెప్పాలని కాదు, మామూలుగానే అంది.

"దాచకమ్మా" అన్నాడు బావ.