కుప్పయ్యజ్జ తాళం, సుధన్వ మోకాలు

కుప్పయ్య గాణిగకు ఎడమ చెవి వినపడదు. జన్మంతా యక్షగానం ఆడి, చెండె వాయిద్యం పక్కనే గిరికీలు కొట్టిన ఫలితం. కుడి చెవి బాగానే పనిచేస్తుంది గానీ, పెళ్లాం రుక్కజ్జి ఏదైనా పని చెప్పేటప్పుడు అదీ మూతపడుతుంది.

మోకాళ్ల మీద రంగస్థలమంతా గిరగిరా తిరగడంలో కర్ణాటక తీరంలోని కుందాపుర చుట్టుపక్కల కుప్పయ్యజ్జకు, అంటే కుప్పయ్య తాతకు, సాటి ఎవరూ లేరని అందరికీ తెలుసు. ఆయనే చెబుతుంటాడు మరి. ఆ విద్యంతా మనవడు సుధన్వకు అప్పగించాలని ఆయన ఆశ. వాడికి పద్నాలుగేళ్లు. అభిమన్యుడి వేషం సాధన చేస్తూ, ధీంగిణ అనే గిరికీ గెంతుకు పైకి లేచాడు, కుప్పలా కిందికి వచ్చాడు.

"మోకాలి చిప్ప కింద, తొడ కండరం పట్టుకునే చోట ఎముక ముక్క ఊడింది. ఎదిగే వయసులో అక్కడ ఇంకా లేతగా ఉంటుంది," అంది డాక్టరమ్మ, స్క్రూలు వేసి బిగించాక.

"మరి అభిమన్యుడు?" అన్నాడు అజ్జ.

"వ్యూహంలోంచి బయటికి రావడానికి నెలలు పడతాయి అజ్జా."

"అయితే గదాయుద్ధం వేద్దాం. తొడ విరిగిన దుర్యోధనుడు! నటించే పనే లేదు."

"నీ నోట్లో మన్ను పొయ్య! పిల్లోడు ఏడుస్తుంటే వేషాలు పంచుతున్నావా?" అంది రుక్కజ్జి.

కట్టు విప్పాక కాలు చాపి, తొడ బిగించి, నెమ్మదిగా ఎత్తి దించమన్నారు. సుధన్వకు నొప్పి, పైగా విసుగు. అజ్జ తాళాలు అందుకున్నాడు. మొదట బాగానే వాయించాడు. కానీ యక్షగానం అన్నాక యుద్ధం రాకుండా ఉంటుందా? తాళం జోరందుకుంది.

"ఎత్తరా అభిమన్యూ! ద్రోణుడొచ్చాడు!"

కాలు లేచి, పక్కనే ఉన్న నీరుదోసె పిండి గిన్నెకు తగిలింది. ద్రోణుడి మీద పడాల్సిన దెబ్బ పిండై రుక్కజ్జి చీర మీద పడింది.

సంగతి విని డాక్టరమ్మ పగలబడి నవ్వింది, తర్వాత తిట్టింది. "తాళం మంచిదే. యుద్ధం మాత్రం వద్దు. రాజు తీరుబడిగా కొలువుకొచ్చే పాట పాడు."

రోజూ రాజు కొలువుకొచ్చాడు. మోకాలు పూర్తిగా వంగింది, తొడకు కండ పట్టింది. ఇక చిన్న చిన్న గెంతులు మొదలుపెట్టమంది డాక్టరమ్మ.

సుధన్వ గెంతలేదు. మునివేళ్ల మీద లేచేవాడు, అక్కడే ఆగేవాడు.

"మళ్లీ ఊడితే అజ్జా?"

అజ్జ తాళాలు తీసి గూట్లో పెట్టాడు. ఆ వారమంతా అవి అక్కడే పడి ఉన్నాయి. వీడు ఇక గెంతడేమోనని ఆయనకు గంజి కూడా సహించలేదు.

ఒక సాయంత్రం అజ్జ పెరట్లో పంచె ఎగ్గట్టాడు. సుధన్వ పెరటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"గెంతడంలో ఏముందిరా, చూడు."

"వద్దజ్జా! నీకు డెబ్బై నాలుగేళ్లు!"

"ఏ కాలికి?" అంటూ అజ్జ ధీంగిణ కొట్టాడు.

మూరెడు లేచానని ఆయన అంటాడు. కింద చీమ దూరేంత అని రుక్కజ్జి అంటుంది. సగం తిరిగి, కొబ్బరిపీచు కుప్పలో కూలబడ్డాడు.

"అజ్జా!" సుధన్వ అరుగు మీంచి మెట్లు దాటి ఒక్క దూకు దూకాడు. రెండు కాళ్ల మీదా దిగాడు. దిగి, తన మోకాలి వంక చూసుకుంటూ నిలబడిపోయాడు.

"నొప్పుందా?" అన్నాడు అజ్జ పీచులోంచి.

"లేదు... అజ్జా, నేను గెంతాను!"

"గెంతావులే. తాళం తప్పావు. నన్ను లేపు, మళ్లీ గెంతుదువుగాని."

"ముందు నువ్వు గెంతరా," అంది పెరటి గుమ్మంలోంచి రుక్కజ్జి. "ఆయన్ని అక్కడే ఉండనీ, ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంది."