భయం తీరిన మూడు రోజులు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా ఆయన అహ్మదిలో, కంపెనీ క్వార్టర్స్‌లో చిక్కుకుపోయాడు. నేను జాబ్రియా ఫ్లాట్‌లో. ఫోన్లు మూగబోయాయి. ఎదురింటివాళ్ళు దేశం వదిలి పారిపోతూ శ్రీలంక పనిమనిషి చేతిలో ఆమె పాస్‌పోర్టు పెట్టి వెళ్ళిపోయారు. ఆమెను మా ఇంటికి పిలుచుకున్నాను. నాకంటే పెద్దది, బౌద్ధురాలు. రోజూ పొద్దున గంటసేపు కదలకుండా కూర్చునేది.

ఆమె దగ్గర శ్వాసను గమనించడం నేర్చుకున్నాను కానీ వాదన మానలేదు. జ్ఞానం కలగడాన్ని మేలుకోవడం అంటారు, దానికి వాళ్ళ మతంలో నాలుగు మెట్లు. మొదటిదానికే అంత లోతైన ధ్యానం కావాలా అని వచ్చీరాని హిందీలో నిలదీశాను. భిక్షువుల్లోనే రెండు మాటలున్నాయంది. లోతు లేనిదే కుదరదని కొందరంటారట. ఉన్నది ఉన్నట్టు చూసేంత నిలకడ మొదటి మెట్టుకు చాలు, మూడోదానికి మాత్రం లోతు పూర్తిగా కావాలి అని తన గురువు అనేవాడట. డిగ్రీలో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నదాన్ని, చాలినంతతో నేనెందుకు ఆగుతాను?

మూడో వారం ఒక పొద్దున ఆమె రొట్టెల క్యూకి వెళ్ళింది. నేను కూర్చున్నాను. ఒళ్ళు తెలియలేదు, వీధి తెలియలేదు. మా ఆయన ఏమయ్యాడోనన్న భయం ఆనవాలు లేదు. ఆమె రాగానే, నా భయం తీరిపోయింది, మొదటి మెట్టు ఎక్కేశానని చెప్పాను. ఆమె రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టుకుంది, అంతే.

మూడు రోజులకు కంపెనీ వ్యాన్ డ్రైవర్ వచ్చాడు, రాయచోటి మనిషి.

"మూడ్దినాల కింద వచ్చి దబదబా తలుపు కొట్టినా మేడం. ఎవురూ పలకల్యా. జోర్డాన్ బస్సులో మీకిద్దరికీ సీట్లుండె. మీరు లేకుండా సారు ఎక్కనన్యాడు. బస్సు ఎల్లిపాయ. సారు మళ్ళా పంపిచ్చినాడు."

ఇంకాస్త గట్టిగా కొట్టలేకపోయావా అని అతని మీదే ఎగిరాను.

"బిల్డింగంతా బయటికొచ్చినారు మేడం, మీరు తప్ప."

పోయిందనుకున్న భయం రెట్టింపై వచ్చింది. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "మంట తగ్గించావు. పొయ్యి ఆర్పలేదు," అంది.

అయితే ఆ లోతంతా దండగేనా అని అప్పుడు కూడా అడిగాను. కాదట. అందులోంచి లేచాక మనసు తేటగా ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు చూడాల్సింది అప్పుడట. ఆ తేటదనాన్ని నేను గొప్పలకు ఖర్చుపెట్టాను.

డ్రైవర్ మా ఇద్దరినీ అహ్మదికి తీసుకెళ్తుంటే దారిలో సైనికులు ఆపారు. కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. భయం కడుపులో మొదలై గొంతు దాకా రావడం, కాసేపుండి దిగడం చూశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చూశాను.

గేటు దగ్గర మా ఆయన, మాసిన గడ్డంతో. ఆ రోజు ఎక్కడికెళ్ళావని అడిగాడు. ఇంట్లోనే ఉన్నాను, పలకలేదు అన్నాను. ఆయన ఇంకేమేమో అన్నాడు. మా కాపురంలో నేను ఎదురు చెప్పకుండా విన్నది ఆ ఒక్కసారే.