సైరన్ మోగాక పడ్డ గోల్

సైరన్ మోగింది. అవతలి జట్టు మొత్తం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్ల గోల్‌కీపర్ స్తంభానికి వేలాడేసిన తువ్వాలు అందుకుని ముఖం తుడుచుకోసాగాడు. మా కోచ్ కుర్రాళ్లు మాత్రం ఆగలేదు. బంతి ఆ తువ్వాలు పక్కనుంచే నింపాదిగా దొర్లుతూ గోల్‌లోకి పోయింది.

డెబ్భైల మొదట్లో, గోదావరిఖనిలో, రెండు గనుల జట్ల మధ్య ఫైనల్ అది. అప్పట్లో నేను ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని.

మా కోచ్ జన్మలో ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. రామకృష్ణాపూర్‌లో ఒక జట్టును తయారుచేశాడని పేరుంటే ఇక్కడికి తెచ్చుకున్నారు. ఆట నేర్పుతున్నందుకే గని పైన దీపాల గదిలో డ్యూటీ ఇచ్చారు. వరసగా రెండు ఫైనల్స్ ఓడాడు. మూడోది కూడా ఓడితే మళ్లీ లోపలికి దిగాల్సిందేనని మేనేజరు చెప్పేశాడు.

మంథని నుంచి వచ్చిన ఒక పంతులు అతనికి రూల్సు పుస్తకం చదివి చెప్పేవాడు. మావాడు అందులో ఏముందని అడిగేవాడు కాదు, ఏం లేదో అడిగేవాడు. సైరన్ ఊసే లేదని అలా తెలిసింది.

మా ఊళ్లో షిఫ్టు మారే సైరన్ వినబడితే బొగ్గు టబ్బు తోసేవాడు సగం దారిలో వదిలేసేవాడు. కంచం ముందున్నవాడు సగం తిని లేచేవాడు. అందుకే ఆ రెండు నెలలు కోచ్ రోజూ నాలుగు గంటల సైరన్ వేళకే జట్టును మైదానంలో దించాడు. అది విని ఎవరి కాలు ఆగినా గ్రౌండు చుట్టూ పది రౌండ్లు.

గోల్ పడ్డాక అవతలి కెప్టెన్ కోచ్ దగ్గరికి వచ్చాడు.

"సైరన్ కొట్టినంక గోలేందన్నా? డ్యూటీ అయిపాయె గద."

"నీ డ్యూటీ అయిపాయె తమ్మీ. మావోళ్లది ఇంక నడుస్తుంది."

ఈల వేయందే ఆట ఆగదని పంతులు పుస్తకం తెరిచి చూపించాడు. రిఫరీ కూడా గని మనిషే. సైరన్‌కు తానూ గేటు వైపు తిరిగాననీ, ఈల మాత్రం వేయలేదనీ ఒప్పుకున్నాడు. గోల్ నిలిచింది. దీపాల గది కోచ్‌కే మిగిలింది.

ఒక్క విషయం మాత్రం తేలలేదు. షిఫ్టుకు పోయేవాళ్ల కోసం ఆ ఆటను నాలుగుకు ముందే ముగిసేలా పెట్టారు. సైరన్ మోగినప్పుడు నా గడియారంలో నాలుగుకు ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. ఆ రోజు సైరన్ డ్యూటీలో ఉన్నది కోచ్ చెల్లెలి భర్త. సరిగ్గా నాలుగుకే కొట్టానని అతను రాసిచ్చాడు.